హైదరాబాద్‌లో ఏఏ సమావేశాలు: ఒక కుటుంబ సభ్యుడి సమీక్ష

మద్యం మానాలనుకునేవారి కోసం నడిచే ఆల్కహాలిక్స్ ఎనానిమస్ సమావేశాలను, అంటే వాడుకలో ఏఏ మీటింగులను, ఒక సేవగా ఎంచి సమీక్షించడం కొంత వింతగానే ఉంటుంది. ఇక్కడ అమ్మేవారు లేరు, రుసుము లేదు, హాజరు వేసుకునే రిజిస్టరు కూడా లేదు. అయినా ఇంట్లో ఒకరికి తాగుడు వ్యసనమైతే ఎవరిని అడగాలో తెలియక, పసరు మందులకూ, అన్నంలో తెలియకుండా కలిపి పెట్టమనే పొడులకూ డబ్బు ధారపోసే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి కాబట్టి, మా అన్నయ్యకు తోడుగా వెళ్లి చూసినంత మేరకు ఇది రాస్తున్నాను.

అన్నిటికన్నా కష్టమైన పని సరైన సమావేశాన్ని వెతికి పట్టుకోవడమే. గ్రూపులకు సొంత భవనాలు ఉండవు. బడిలోనో, చర్చి ఆవరణలోనో ఒక గది తీసుకుని కూర్చుంటారు, వీధిలోకి కనిపించే బోర్డు ఆశించకూడదు. చర్చి అనగానే ఇదేదో మత కార్యక్రమమని అనుమానించేవారున్నారు కానీ, ఆ సంబంధం గది వరకే. సంస్థ వెబ్‌సైటులోని జాబితా చూసి, అక్కడి నంబరుకు ఫోన్ చేసి, బయలుదేరే ముందే రెండు సంగతులు తేల్చుకోవాలి. మొదటిది, అది ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా అన్నది: ఓపెన్ అయితే కుటుంబ సభ్యులూ కూర్చోవచ్చు, క్లోజ్డ్ అయితే తాగుడు సమస్య ఉన్నవారికే ప్రవేశం. రెండవది భాష. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో ఇంగ్లిష్, హిందీ, తెలుగు గ్రూపులున్నాయి. ఉద్యోగమంతా ఇంగ్లిష్‌లో చేసేవారికి కూడా నా సలహా తెలుగు గ్రూపే, ఎందుకంటే తాగి వచ్చిన రాత్రి ఇంట్లో ఏం జరిగిందో చెప్పుకోవడానికి ఆఫీసు ఇంగ్లిష్ చాలదు.

సమావేశం సుమారు గంట, గంటన్నర సాగుతుంది. ఒకరు అధ్యక్షత వహిస్తారు, సభ్యులు ఒక్కొక్కటిగా పాటించే సూత్రాలైన పన్నెండు మెట్లలోంచి కొంత చదువుతారు, తరువాత ఒక్కొక్కరూ తన మొదటి పేరు చెప్పి, తాను ఆల్కహాలిక్‌నని చెప్పి, తన అనుభవం వినిపిస్తారు. మధ్యలో ఎవరూ అడ్డు తగలరు, ఎదురు ప్రశ్నలు వేయరు, ఉపదేశమూ చేయరు. కొత్తవారు మాట్లాడకుండా ఊరికే వినివెళ్లినా ఎవరూ ఏమీ అనరు. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో ఒక స్టాక్ బ్రోకరూ ఒక సర్జనూ, ఇద్దరూ తాగుడుతో చితికినవారే, మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఖర్చులకు సభ్యులే తలా కొంత వేసుకుంటారు, బయటివారి విరాళాలు తీసుకోరు. అక్కడ ఎవరు ఏం చెప్పారన్నది మాత్రం ఇక్కడ రాయను, ఎందుకంటే గదిలో విన్నది గది దాటకూడదన్న నియమం సమీక్షకులకు కూడా వర్తిస్తుంది.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది గడువు విషయంలో వీరి పద్ధతి. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టకుండా ఉండి, మాల తీసిన సాయంత్రమే మళ్లీ సీసా పట్టేవారిని మనం ప్రతి ఊళ్లోనూ చూస్తాం. పిల్లల తలమీద చెయ్యి పెట్టి వేసిన ఒట్లూ అంతే. ఏఏలో ఎవరూ జీవితాంతానికి మాట అడగరు, ఈ ఒక్క రోజు తాగకుండా ఉండమంటారు. దానికి తోడు స్పాన్సర్ అనే పెద్దదిక్కు ఉంటాడు. అతను ఎన్నో ఏళ్లుగా మానేసి ఉన్న సభ్యుడు. ఇంటిదారిలో వైన్ షాపు ఎదురయ్యే వేళకు ఫోన్ ఎత్తి మాట్లాడతాడు. ఇంత సాయానికి ఇంట్లోవాళ్లం సరిపోము, ఎందుకంటే మా గొంతులో కోపం ముందే వినిపిస్తుంది.

లోపాలూ ఉన్నాయి. పన్నెండు మెట్లలో నాలుగింట దేవుడి ప్రస్తావన నేరుగా వస్తుంది. ఎవరి దేవుణ్ని వారే నిర్ణయించుకోవచ్చని చెప్పినా, నాస్తికులకు అది గొంతు దిగకపోవచ్చు. నేను చూసిన గదుల్లో స్త్రీలు దాదాపు లేరు, తాగే స్త్రీ పట్ల మన సమాజం చూపే చిన్నచూపును తలచుకుంటే అది ఆశ్చర్యమూ కాదు. వారికి ఆన్‌లైన్ సమావేశాలు కొంత నయం.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఇది వైద్యం కాదు. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లోపు వణుకు, ఫిట్స్, మతిభ్రమ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. అందుచేత మొదట ఆసుపత్రిలో డాక్టరు పర్యవేక్షణలో ఆపించి, ఆ తరువాత, లేదా దానితోపాటే, సమావేశాలకు పంపాలి. దిక్కు తోచనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఏఏ పనిచేస్తుందా అని అడిగేవారికి జవాబు ఇది: 10 వేల మందికి పైగా పాల్గొన్న 27 అధ్యయనాలను 2020లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్షించి, పూర్తిగా మానేసి ఉండే విషయంలో ఈ పద్ధతివైపు నడిపించే చికిత్సలు ఇతర మానసిక చికిత్సలకన్నా మెరుగ్గా ఉన్నాయని తేల్చింది. అయితే వాటిలో ఎక్కువ భాగం అమెరికాలో జరిగినవి.

భార్యలకూ తల్లిదండ్రులకూ అల్-అనాన్ అనే వేరే సంస్థ 1951 నుంచి ఉంది. మా వదిన దానికి వెళుతోంది. భర్త చేత తాగుడు మాన్పించే ఉపాయాలు అక్కడ చెప్పరు. ఆ జబ్బుకు తాను కారణం కాదని, దాన్ని అదుపు చేయడమూ నయం చేయడమూ తన చేతిలో లేవని ఒప్పుకోవడం నేర్పుతారు. రెండింటి వేళలూ చిరునామాలూ వేరుగా ఉంటాయి కాబట్టి, ఇద్దరూ ఒకేసారి బయలుదేరే ముందు రెండు చోట్లా విడివిడిగా కనుక్కోవాలి.