పాత వ్యాన్ కొంటుంటే ఏది మేలు: లాడర్ ఛాసిస్సా, మోనోకాకా?

విజయవాడ ఆటోనగర్‌లో పాత వ్యాన్ బేరానికి వెళ్తే అమ్మేవాడు ముందు ఇంజన్ స్టార్ట్ చేసి వినిపిస్తాడు. ఇంజన్ పోతే ఇంకోటి ఎక్కించుకోవచ్చు, గేర్‌బాక్స్ పోతే మార్చుకోవచ్చు. ఛాసిస్, అంటే బరువంతా మోసే అడుగు చట్రం, పూర్తిగా పోతే మాత్రం ఆ బండిని తూకానికి వెయ్యాల్సిందే. అయినా గోనెపట్టా పరుచుకుని బండి కిందకి దూరి చూసే కొనుగోలుదారు పదిమందిలో ఒక్కడుంటే గొప్ప.

ఇక్కడ దొరికే పాత బళ్లలో ప్రధానంగా రెండు రకాలున్నాయి. 1986లో వచ్చిన టాటా 407 లాంటివి లాడర్ ఫ్రేమ్ బళ్లు. పొడుగునా రెండు సి-ఛానళ్లు (కోస్తే ఇంగ్లీషు సి అక్షరంలా కనపడే ఉక్కు దూలాలు), మధ్యలో అడ్డపట్టీలు, అచ్చం నిచ్చెనే. ఆ నిచ్చెన మీద క్యాబిన్‌ని, బాడీని విడిగా బిగిస్తారు. 1984లో మారుతీ వ్యాన్‌గా వచ్చి తర్వాత ఓమ్ని అయిన బండిది, 2007 నాటి టాటా వింగర్‌ది రెండో రకం, అంటే మోనోకాక్. అందులో విడిగా ఫ్రేమ్ ఉండదు. నేల, పక్క రేకులు, పైకప్పు, డోర్ల కింద పొడుగునా పోయే పెట్టె, అన్నీ కలిసి వెల్డయి బరువు మోస్తాయి.

లాడర్ పాతకాలపుదనీ, మోనోకాక్ కొత్తదనీ ఒక మాట వాడుకలో ఉంది. చరిత్ర అంత తిన్నగా నడవలేదు. ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ హెచ్ వ్యాన్ 1947లోనే మోనోకాక్. ముందు చక్రాలు లాగే బండి కాబట్టి కింద వెనక చక్రాలని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ లేదు, నేల బాగా కిందికి దిగింది. ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు 1949లో బీటిల్ కారు నేల మీదే వ్యాన్ కట్టి చూస్తే మెలి తిరిగిపోయింది. దాంతో నేలకి పొడుగు కడ్డీలు వెల్డ్ చేసిన సొంత బాడీ తయారు చేసి 1950లో బయటికి తెచ్చారు. అమెరికాలో కథ తిరగబడింది. 1961లో ఫ్రేమ్ లేకుండా వచ్చిన ఫోర్డ్ ఎకనోలైన్ 1975లో లాడర్ ఫ్రేమ్‌కి మారింది, షెవర్లే వ్యాన్ 1996లో మారింది. వెనక తనకి కావాల్సిన బాడీ కట్టించుకునేవాడికీ, ట్రైలర్ తగిలించేవాడికీ ఫ్రేమ్ ఉంటేనే వీలు మరి. కాబట్టి ఏది కొత్తది అని కాదు, మీ బండి మీద ఏం ఎక్కుతుంది అని అడగాలి.

సి-ఛానల్ గుట్టు దాని ఆకారంలో ఉంది. బరువు పడితే పై రెక్క నొక్కుకుంటుంది, కింది రెక్క సాగుతుంది, మధ్యలో నిలువు పలక నడిమి గీత దగ్గర ఒత్తిడి దాదాపు సున్నా. అందుకే కంపెనీ వాళ్లు బోల్టు రంధ్రాలు ఎక్కువగా నిలువు పలకకే వేస్తారు. ఏ కేబుల్ క్లిప్ కోసమో రెక్కకి డ్రిల్ పెట్టారంటే పగులుకి చోటు చూపించినట్టే. వంగకుండా ఇంత బాగా నిలబడే ఛానల్, మెలి విషయంలో మాత్రం మెత్తన. 120×50 సైజులో 4 మి.మీ. మందానికి లెక్క వేస్తే, నాలుగు వైపులా మూసిన పెట్టె సి-ఛానల్ కంటే మెలికి సుమారు 300 రెట్లు గట్టి. అయితే లోడు బండికి ఈ మెత్తదనం లోపం కాదు. పొలం గట్టు దిగేటప్పుడు ఒక చక్రం గోతిలో పడితే ఫ్రేమ్ కాస్త మెలి తిరిగి, మిగతా మూడు చక్రాలని నేల మీదే ఉంచుతుంది.

ఈ మెలిని ఆపబోయి బాడీ కట్టేవాళ్లు చేసే తప్పు, బాడీ కింద చట్రాన్ని ఛాసిస్ రెక్కకి నేరుగా వెల్డ్ కొట్టడం. ఆరు నెలలు తిరక్కుండానే ఆ వెల్డ్ చివర వెంట్రుకంత గీత కనపడుతుంది. మధ్యలో చెక్క గానీ రబ్బరు గానీ వేసి యు-బోల్టులతోనే బిగించాలి. యు-బోల్టు ఉన్న ప్రతిచోటా ఛానల్ లోపల రెక్కల మధ్య గట్టి చెక్కముక్క ఇరికించాలి. లేకపోతే నట్టు బిగిస్తున్నకొద్దీ రెక్కలు లోపలికి నొక్కుకుపోతాయి. క్యాబిన్ వెనక బాడీ చట్రం మొదలయ్యే కొసని మొండిగా వదలకుండా ఏటవాలుగా కోయాలి. మొదటి వారం లోడు తోలాక నట్లన్నీ మళ్లీ బిగించాలి. చెక్క అణగడం ఖాయం, నట్టు వదులవడం ఖాయం.

పగులు కనపడితే అతుకు వేసే పద్ధతి ఒకటుంది. ముందు పగులు కొసని వెతికి అక్కడ 6 మి.మీ. రంధ్రం వెయ్యాలి, లేకపోతే వెల్డ్ దాటి పాకుతుంది. తర్వాత గ్రైండర్‌తో గాడి తీసి, తేమ లేని 7018 రకం వెల్డింగ్ రాడ్‌తో వెల్డ్ చెయ్యాలి. బలానికి వేసే ప్లేట్ చివరలు చదరంగా ఉండకూడదు, ఏటవాలుగా సన్నబడాలి. చదరంగా కోసిన ప్లేట్ అంచున మళ్లీ పగలడం మామూలే. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ తీగలు తీసెయ్యడం మర్చిపోవద్దు.

ఫ్రేమ్ వంకర పోయిందా అన్నది ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. చదునైన సిమెంటు నేల మీద బండి నిలబెట్టి, ముందు కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) హ్యాంగర్ బోల్టులు రెండు, వెనకవి రెండు, మొత్తం నాలుగు చోట్ల నుంచి తాపీ మేస్త్రీల తూకం గుండు వదిలి నేల మీద సుద్దతో గుర్తులు పెట్టాలి. బండి పక్కకి నెట్టి మూల నుంచి మూలకి టేపు లాగాలి. రెండు కొలతలకీ 5 మి.మీ. మించి తేడా వస్తే ఎక్కడో గట్టిగా గుద్దుకున్న బండే. బాడీ వెనక ఇరుసు దాటి ఎంత పొడుగు పొడుచుకొచ్చిందో కూడా అప్పుడే కొలవండి. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి ఉన్న దూరంలో 60 శాతం దాటితే మోటారు వాహనాల నియమాలకి విరుద్ధం, పైగా వెనక ఇరుసు మీద ఫ్రేమ్‌కి అదనపు భారం.

మోనోకాక్ బండిలో ఈ పని అంత తేలిక కాదు. బయట రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. పాడవడం లోపలి నుంచి మొదలవుతుంది కాబట్టి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. డోర్ల కింది పెట్టెకి అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి. అవి మట్టితో మూసుకుపోతే నీళ్లు లోపలే నిలిచి తుప్పు పట్టిస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అప్పుడు మునిగిన బండి ఎంత కడిగినా ఈ పెట్టెల్లో ఒండ్రు మిగులుతుంది. వంచిన తీగ ఒకటి రంధ్రంలో పెట్టి కెలికితే ఎండిన మట్టి రాలుతుంది. తీగ వెంట తుప్పు పొరలు కూడా ఊడివస్తే ఆ బండి మీద ఆశ వదులుకోండి.

ఇంకో పరీక్ష పక్కకి జరిగే డోర్. ఖాళీ బండిలో వేసి చూసి, తర్వాత నలుగురిని వెనక ఎక్కించి మళ్లీ వెయ్యండి. రెండోసారి గొళ్లెం దగ్గర పట్టేస్తే నేల కుంగుతోందని అర్థం. వెనక కమాన్ కట్ట ముందు కన్ను బాడీకి తగులుకునే చోట స్క్రూడ్రైవర్ పిడితో కొట్టండి. గట్టి రేకు టంగుమంటుంది, చివికింది దబ్‌మంటుంది. అడుగున కొత్తగా నల్ల తారుపూత కనపడితే మాత్రం దాన్ని అందం అనుకోకండి, గీకి చూడనివ్వమని అడగండి.

దీనికి మరమ్మతు కూడా వేరే విద్య. చివికిన భాగం పూర్తిగా కోసేసి, అదే మందం కొత్త రేకు అంచున 8 మి.మీ. రంధ్రాలు దగ్గరదగ్గరగా వేసి, మిగిలిన గట్టి రేకు అంచు మీద ఆనించి, ఆ రంధ్రాలని మిగ్ వెల్డింగ్‌తో నింపాలి. బలం కోసమని 5 మి.మీ. ప్లేట్ అతికిస్తే దాని పక్కనున్న పలచని రేకే చిరుగుతుంది. పాత రేకు మీదే కొత్త రేకు పరిచి రివిట్లు కొట్టి పుట్టీ పెట్టే పని చాలా చోట్ల చవకగా చేస్తారు. దాన్ని మరమ్మతు అనడం కష్టం.

ఇక ఎవరికి ఏది? గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు ఎత్తుగా పేర్చి తోలేవాళ్లకీ, ఇనుము, టైల్స్ వేసేవాళ్లకీ, పల్లె దారుల్లో తిరిగేవాళ్లకీ లాడర్ ఫ్రేమే. పదేళ్లు దాటిన బండి అయితే ఇంకో మాట లేదు, ఎందుకంటే లాడర్ జబ్బు కంటికి కనపడుతుంది. వన్‌టౌన్ సందుల్లో మంచినీళ్ల క్యాన్లు, పాల ట్రేలు, క్యాటరింగ్ గిన్నెలు వేసేవాళ్లకి మోనోకాక్ హాయి. ఓమ్ని లాంటి చిన్న బండి సందులో సులువుగా తిరుగుతుంది, వింగర్ నేల ఎత్తు తక్కువ కాబట్టి నడుం పట్టెయ్యదు. మనుషుల్ని తిప్పడానికీ ఇదే నయం, తుప్పు లేనంతవరకు. మచిలీపట్నం, నిజాంపట్నం వైపు నుంచి చేపలు, రొయ్యలు తోలిన బండి అయితే ఏ రకమైనా ధర సగానికి అడగండి. పెట్టెల్లోంచి కారే ఉప్పు ఐసు నీళ్లు మోనోకాక్ నేలని తింటాయి, లాడర్‌లో అడ్డపట్టీ ఛానల్‌కి కలిసే రివిట్ల సందున దూరతాయి. ఆ రివిట్ల చుట్టూ ఎర్రటి పొడి చార కనపడితే రివిట్టు లోపల కదులుతోందని లెక్క. దాన్ని తీసి రంధ్రం రీమర్‌తో సాపు చేసి, 8.8 గ్రేడు (గట్టి ఉక్కు) బోల్టు, లాక్‌నట్టు వేయించుకున్నాకే లోడు ఎక్కించాలి.