పదమూడు ముక్కల వాడి చేతిలో బలాట్రో

బలాట్రో అనే వీడియో పేకాటలో మొదటి రౌండులో దాటాల్సిన స్కోరు గీత 300. చేతిలో ఎనిమిది ముక్కలు. వాటిలో ఆఠీను ఆసు, రాజు, తొమ్మిది, ఏడు, నాలుగు ఉన్నాయనుకుందాం. ఐదూ ఒకే రంగువి, కలిపి దించితే ఫ్లష్. ఫ్లష్‌కు ఆట తన వంతుగా 35 చిప్పులు, 4 గుణకం ఇస్తుంది. ఆసుకు 11, రాజుకు 10, మిగిలిన మూడింటికి వాటి అంకెలు, వెరసి 41. ఆ 35 కూడా కలిపితే 76. నాలుగుతో గుణిస్తే 304. ఒక్క దెబ్బకు గట్టెక్కాం. అదే రెండు రాజుల జత తప్ప మరేమీ లేకపోతే వచ్చేది 60. మిగిలిన 240 ఎక్కడి నుంచి తేవాలా అని తల గోక్కుంటూ కూర్చోవాలి.

బలాట్రో మొదటి పది నిమిషాలు ఇంతే. వృత్తిరీత్యా ఊళ్లోవాళ్ల పన్ను లెక్కలు చూసే నాకు రాత్రి భోజనాల తర్వాత మళ్లీ కూడికలు, హెచ్చవేతలు ఎందుకని ఇంట్లో అడుగుతారు. ఈ లెక్కల్లో ఎవరికీ నోటీసులు రావని చెబుతుంటాను.

పోకర్‌తో ఈ ఆటకు చుట్టరికం చాలా తక్కువ. 52 ముక్కలు, జతలు, వరుసలు, ఫ్లష్‌లు అక్కడివే. ఎదురుగా ఇంకో ఆటగాడు మాత్రం లేడు, కాబట్టి బుకాయింపూ లేదు. మొత్తం ఎనిమిది అంచెలు. ఒక్కో అంచెలో మూడు రౌండ్లు, ఆట భాషలో బ్లైండ్లు: చిన్నది, పెద్దది, చివర బాసు. ప్రతి దానికీ ఒక గీత ఉంటుంది. మామూలుగా నాలుగుసార్లు ముక్కలు దించవచ్చు, మూడుసార్లు పారేసి కొత్తవి ఎత్తుకోవచ్చు. ఆ లోపల గీత దాటాలి, లేకపోతే మొదటికి రావాలి. 300తో మొదలైన గీత ఎనిమిదో అంచె చివరికి సాధారణంగా లక్షకు చేరుతుంది. ఎంత గొప్ప ఫ్లష్ అయినా ఉత్త ముక్కలతో లక్ష రాదు. అక్కడ జోకర్లు కావాలి.

మన పదమూడు ముక్కలాటలో జోకర్ అంటే లోటు పూడ్చే ముక్క. ఇక్కడి జోకర్లు పేకలో కలవవు. దుకాణంలో కొనుక్కుని పైన వరుసగా కూర్చోబెట్టాలి. మొత్తం 150 రకాలు, కూర్చునే చోట్లు మాత్రం ఐదు. ఒకటి గుణకానికి కలుపుతుంది, ఇంకొకటి గుణకాన్నే హెచ్చిస్తుంది, మరొకటి తన కుడిపక్క ఉన్న జోకర్ పనిని కాపీ కొడుతుంది. లెక్క ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. ఈ మాట ఆట గట్టిగా చెప్పదు, ఎవరికి వారు పట్టుకోవాలి. పై ఉదాహరణలోని ఫ్లష్‌నే తీసుకోండి. గుణకానికి 15 కలిపే జోకర్ ఎడమన, గుణకాన్ని రెట్టింపు చేసే జోకర్ కుడిన ఉంటే నాలుగు కాస్తా 19, ఆపైన 38 అవుతుంది. చేతికి 2888. రెండింటి చోట్లు మార్చండి. నాలుగు ఎనిమిదై, దానికి 15 కలిసి 23 దగ్గర ఆగుతుంది. 1748. అవే ముక్కలు, అవే జోకర్లు. వేలితో ఒకదాన్ని పక్కకు జరిపినందుకు వెయ్యికి పైగా తేడా.

ఆ 15 ఇచ్చే జోకర్ ఒక అరటిపండు. పేరు గ్రోస్ మిషెల్. ప్రతి బ్లైండ్ ముగిశాక ఆరింట ఒక వంతు అది కుళ్లిపోయే అవకాశం ఉంటుంది. అలా పోయిందంటే అప్పటి నుంచి దుకాణంలో కావెండిష్ అనే రెండో అరటిపండు కనిపించడం మొదలవుతుంది. అది గుణకాన్ని మూడింతలు చేస్తుంది, పోయే అవకాశం వెయ్యింట ఒకటి. తయారుచేసినవాడు దీన్ని ఊరికే పెట్టలేదు. ఒకప్పుడు ప్రపంచమంతా ఎగుమతయిన అరటి గ్రోస్ మిషెల్. పనామా తెగులు ఆ తోటలను ఊడ్చేశాక ఆ స్థానంలోకి వచ్చింది కావెండిష్. మన కడప, అనంతపురం తోటల్లోని గ్రాండ్ నైన్ కూడా ఆ కుటుంబానిదే. ఒక వ్యవసాయ చరిత్రను రెండు పేకముక్కల్లో ఇమిడ్చి, ఎక్కడా ఒక్క ముక్క వివరణ ఇవ్వకుండా వదిలేసిన మనిషి మీద నాకు గౌరవం కలిగింది.

ఆ మనిషి ఎవరో ఎక్కువమందికి తెలియదు. కెనడావాడు, లోకల్‌థంక్ అనే మారుపేరుతో ఉంటాడు, ఆటను దాదాపు ఒంటిచేత్తో తయారుచేశాడు. 2024 ఫిబ్రవరి 20న కంప్యూటర్లకు, కన్సోళ్లకు, అదే సెప్టెంబరులో ఫోన్లకు వచ్చింది. 2025 జనవరి నాటికి 50 లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి.

ఇక పదమూడు ముక్కలాట సంగతి. 1960ల్లో ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవాళ్లను పట్టుకున్న కేసు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని కోర్టు తేల్చింది. కారణాలు రెండు చెప్పింది. పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి. పేకాడే ఇళ్లలో పెరిగినవాళ్లకు ఈ తీర్పు చదవకపోయినా తెలుసు. ఎదుటివాడు కళావరు ఎనిమిది ఎత్తుకుంటే తొమ్మిదిని గుప్పిట్లో బిగించి కూర్చోవడం మా ఇంట్లో అక్షరాభ్యాసంతో సమానం.

బలాట్రో ఈ రెండింటిలో మొదటిదాన్ని అసలు పట్టించుకోదు. పేక బొత్తి మీద వేలు పెడితే చాలు, లోపల ఇంకా ఏ ముక్కలు మిగిలాయో వరుసగా పరిచి చూపిస్తుంది. ఇస్పేట్లు ఎన్ని, రాణులు ఎన్ని, అన్నీ. జ్ఞాపకశక్తికి మార్కులు లేవు. మొత్తం బరువును రెండో నైపుణ్యం మీద, అంటే పారేయడం మీద పెట్టింది. అదీ దాని తెలివి. చేతిలో నాలుగు డైమన్లు ఉన్నాయి, ఐదోదాని కోసం ఎన్ని ముక్కలు పారేయాలి? బొత్తిలో డైమన్లు ఇంకా తొమ్మిది కనబడుతున్నాయి, బొత్తిలో ఉన్నవి 44. మిగిలిన నాలుగూ పారేస్తే కనీసం ఒకటి వచ్చే అవకాశం సగానికి పైనే. ఒక్కటే పారేస్తే ఐదింట ఒక వంతు. అయినా మన చేయి ఒక్కటే పారేస్తుంది. మిగిలిన మూడింటిలో రాజు ఉన్నాడు కదా, పనికొస్తాడేమో అని. రమ్మీ నేర్పిన పిసినారితనం ఇది. ఇక్కడ పారేయడానికి మొహమాటపడేవాడు మూడో అంచె దాటడు.

ఇంకో మంచి పని, ముక్కలు దించేముందు ఎంత వస్తుందో ఆట చెప్పదు. చిప్పులు, గుణకం మూలవిలువలు చూపించి ఊరుకుంటుంది. జోకర్లు కలిశాక ఎంతవుతుందో మనమే నోట్లో లెక్క వేసుకోవాలి. కొంతమందికి ఇది కోపం తెప్పిస్తుంది. నాకు మాత్రం ఆట సగం ఇక్కడే ఉందనిపిస్తుంది. ముక్కలు దించాక ఒక్కోటి టకటకమంటూ ఎగిరి అంకెలు పెరుగుతూ పోతుంటే, మన అంచనా నిజమవుతోందా అని చూసే ఆ నాలుగైదు క్షణాలు లేకపోతే ఇది ఉత్త లెక్కల పుస్తకం. గీత దాటే చేయి పడితే అంకెల పెట్టెల మీద మంటలు లేస్తాయి. నలభై దాటినవాణ్ణి, అయినా ఆ మంటలకు పొంగిపోతాను.

దుకాణంలో డాలర్ల వ్యవహారం కూడా నచ్చింది. చేతిలో మిగిల్చిన ప్రతి ఐదు డాలర్లకు ఒక డాలరు వడ్డీ, మామూలుగా బ్లైండుకు ఐదు డాలర్లకు మించదు. అంటే 25 దాచినవాడికి పూర్తి వడ్డీ. అంతకు మించి దాచినా లాభం లేదు, ముందే ఖర్చుపెట్టేస్తే తర్వాత చేతిలో కాసు ఉండదు. మొదటి రెండు అంచెల్లో కడుపు కట్టుకుని 25కు చేరడం, ఆ తర్వాత పైసొమ్మునే ఖర్చుపెట్టడం నా పద్ధతి. ఇవి ఆటలోని డాలర్లేనని గుర్తుంచుకోండి. అసలు డబ్బు ఒక్కసారి, ఆట కొన్నప్పుడు కట్టేదే. లోపల అమ్మకాలు లేవు, ప్రకటనలు లేవు, నెట్ లేకపోయినా ఆడుకోవచ్చు. రైల్లో విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లేటప్పుడు సిగ్నల్ పోయే చోట్ల దీని విలువ తెలుస్తుంది.

బాసుల దగ్గర మాత్రం ఒళ్లు మండుతుంది. ఒక్కో బాసుకు ఒక్కో పితలాటకం. ఒకటి ఒక్కసారే ముక్కలు దించనిస్తుంది. ఒకటి వేసిన రకం చేతిని మళ్లీ వేయనివ్వదు. ఇంకొకటి ఆఠీన్లన్నింటినీ చచ్చు ముక్కలుగా మార్చేస్తుంది. బేరన్ అనే జోకర్ ఉంది, దించకుండా చేతిలో అట్టిపెట్టుకున్న ప్రతి రాజుకూ గుణకాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తుంది. నాకు అది దొరికితే రాజులను పోగేయకుండా ఉండలేను. అలా రాజులతో కోట కట్టుకున్నాక బొమ్మముక్కలన్నింటినీ పనికిరాకుండా చేసే బాసు ఎదురైతే సంగతేమిటి? అంచె మొదట్లోనే బాసు ఎవరో ఆట చూపిస్తుంది. అన్యాయం అనడానికి వీల్లేదు, సిద్ధపడడానికి రెండు దుకాణాల సమయం ఇచ్చిందిగా. ఆ ఇచ్చిన దుకాణాల్లో కావాల్సింది ఒక్కటీ దొరకని రోజులుంటాయి, అది వేరే సంగతి.

మా మేనల్లుడు ఇదే ఆట హైదరాబాద్‌లో ఆడతాడు. వాడికి బేరన్లు, రాజులు పట్టవు. పేకలోని చెత్త ముక్కలను ఒక్కొక్కటిగా చంపేసుకుంటూ, మిగిలినవాటిని ఒకే రంగుకు మార్చుకుంటూ పోతాడు. చివరికి వాడి పేకలో సగానికి పైగా ఇస్పేట్లే. "మామయ్యా, మీరు వచ్చిన ముక్కలతో ఆడుతున్నారు, నేను పేకనే మార్చుకుంటున్నాను" అంటాడు. నిజమే, వాడు నాకంటే ఎక్కువ గెలుస్తాడు. కానీ ప్రతిసారీ ఒకే ఆట ఆడుతున్నట్టుంటుంది. నాకు జోకర్లు ఎటు లాగితే అటు పోవడంలోనే మజా.

మా పిన్ని మా ఇద్దరికంటే మంచి పేకాటగత్తె. ఆవిడ పక్కన కూర్చుని చూస్తూ "ఆ జోకర్ కింద ఏమి రాసి ఉందో చదువు నాన్నా" అని ప్రతిదానికీ అడుగుతుంది. జోకర్ల గుణాలన్నీ సన్నని అక్షరాలతో రాసి ఉంటాయి. ఆట చాలా భాషల్లో ఉంది, తెలుగు లేదు. 150 జోకర్లకు తలా రెండు వాక్యాలు తెలుగులో ఉంటే ఆవిడ నా ఫోను నాకు తిరిగి ఇచ్చేది కాదు. ఫోను తెర మీద ఆ అక్షరాలు నాకే కళ్లద్దాలు లేనిదే కనబడవు.

కఠినస్థాయిల మీద నా ఫిర్యాదు ఇంకా గట్టిది. గెలిచిన పేకకు ఒక్కో మెట్టు పైస్థాయి తెరుచుకుంటుంది, మొత్తం ఎనిమిది. నాలుగో మెట్టు వరకు బాగుంది. ఐదో మెట్టు ఒక పారేసే అవకాశాన్ని తీసేస్తుంది. ఆట ప్రాణమే పారేయడంలో ఉందని చెప్పానే, దాన్నే కోస్తే ఎలా? తెలివికి చోటు తగ్గి అదృష్టానికి పెరుగుతుంది. చివరి మెట్టు మీద కొన్ని జోకర్లు అద్దెకు వస్తాయి, బ్లైండుకు మూడు డాలర్లు గుంజుతాయి. దాన్ని క్షమించగలను, అందులో లెక్క ఉంది. ఐదో మెట్టును మాత్రం క్షమించలేను. నేను నాలుగో మెట్టు దగ్గరే కొత్త పేకలు మారుస్తూ ఆడుకుంటున్నాను. బొమ్మముక్కలు లేని పేక ఒకటి, సగం ఇస్పేట్లు సగం ఆఠీన్లు ఉన్న పేక ఒకటి, రెండూ భలే ఉంటాయి.

ఇది జూదం కాదా అని అడిగేవారికి. యూరప్‌లో ఆటలకు వయసు ముద్ర వేసే పెగి సంస్థకూ ఇదే అనుమానం వచ్చి, 2024లో 18 ఏళ్లు దాటినవారికే అంది. దానివల్ల కొన్ని దేశాల్లో కొన్నాళ్లు అమ్మకం ఆగింది. అప్పీలు చేశాక 2025 ఫిబ్రవరిలో 12కు దించింది. మన దగ్గర డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలన్నింటికీ అడ్డుకట్ట వేస్తూ చట్టం చేసింది. బలాట్రోలో పందెం కాసే మార్గమే లేదు, కాబట్టి వాటి జోలికి వెళ్లదు. పోయేది నిద్ర ఒక్కటే. పన్నెండేళ్ల పిల్లలకు ఇవ్వవచ్చు. పరీక్షలప్పుడు వద్దు, పెద్దవాళ్లకైతే రిటర్నుల గడువు వారంలో వద్దు.

కొనేవాళ్లకు రెండు మాటలు. తెర పాతకాలపు టీవీలా వంకర తిరిగి గీతలతో కనబడుతుంది, సెట్టింగుల్లో దాన్ని తీసేయండి, కళ్లకు హాయి. వేగం మొదట్లో మామూలుగానే ఉంచండి, ఏ జోకర్ ఎప్పుడు పనిచేస్తోందో కనబడాలి. వరుస అలవాటయ్యాక నాలుగింతలు చేసుకోవచ్చు. ఫోనులోనైతే అడ్డంగా పట్టుకుని రెండు చేతులతో ఆడండి, జోకర్లను జరపడం తేలిక.