ఎక్స్‌పీకీ విండోస్ 7కీ మధ్య ఒక్క కేబుల్: దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

మా డీటీపీ కేంద్రంలో శుభలేఖలు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు ఇప్పటికీ విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత డెస్క్‌టాప్ మీదే, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తయారవుతాయి. మెయిళ్లు, ప్రింటర్ పని విండోస్ 7 ల్యాప్‌టాప్‌ది. ఎక్స్‌పీకి భద్రతా నవీకరణలు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి కాబట్టి దాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచాలని, రౌటర్‌కు కలపకుండా రెండు యంత్రాలనూ నేరుగా ఒక నెట్‌వర్క్ కేబుల్‌తో కలిపాను. కొన్నేళ్లుగా ఈ ఏర్పాటు మీదే నడుస్తున్నందున ఎక్కడ మొరాయిస్తుందో, ఎక్కడ మొరాయించదో చెప్పగలను.

కేబుల్ గురించి ఉన్న భయంలో చాలా భాగం అనవసరం. రెండు వైపులా పాత 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్ల వేగం) నెట్‌వర్క్ కార్డులే ఉంటే క్రాస్ కేబుల్ కావాలి. అంటే ఒక కొసన 1, 2 పిన్నుల్లోకి వెళ్లే జత రెండో కొసన 3, 6 పిన్నుల్లోకి వెళ్లాలి. క్లిప్పులు రెండూ పక్కపక్కన పట్టుకుని చూస్తే నారింజ, ఆకుపచ్చ జతలు చోట్లు మారి కనిపిస్తాయి. ఒక వైపైనా అంతకంటే వేగమైన గిగాబిట్ కార్డు ఉంటే అది సాధారణంగా తీగల వరుసను తానే సర్దుకుంటుంది కాబట్టి రెండు కొసలా తీగల వరుస ఒకేలా ఉండే మామూలు స్ట్రెయిట్ కేబుల్ సరిపోతుంది. మధ్యలో యంత్రాలను కలిపే నెట్‌వర్క్ స్విచ్ పెట్టె లేదు కనుక ఒక యంత్రాన్ని ఆపగానే రెండోది కేబుల్ ఊడిందని ఫిర్యాదు చేయడం సహజమే, దానికి కంగారు పడనక్కరలేదు.

యంత్రాలకు ఐపీ చిరునామాలు (నెట్‌వర్క్‌లో వాటిని గుర్తించే అంకెలు) పంచే రౌటర్ లేనప్పుడు విండోస్ కాసేపు ఎదురుచూసి 169.254తో మొదలయ్యే చిరునామాను తానే పెట్టుకుంటుంది. దానితోనూ పని జరుగుతుంది గాని, నేను 192.168.50.1, 192.168.50.2 అని స్థిరంగా ఇచ్చి, ఏ చిరునామాలు ఒకే నెట్‌వర్క్‌వో చెప్పే సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 పెట్టి, బయటికి దారి చూపే గేట్‌వే గడిని ఖాళీగా వదిలేశాను. ల్యాప్‌టాప్ వైఫై రౌటర్ ఇచ్చే చిరునామాల వరుస, కేబుల్‌కు ఇచ్చిన వరుస ఒకటే అయితే ఏది ఎటు పోవాలో విండోస్‌కు తెలియక రెండూ చెడతాయి. అందుకే 50 అన్న అంకె. నెట్‌వర్క్ ఫోల్డర్లో పేరు కనిపించడానికి ఒక్కోసారి చాలా నిమిషాలు పడుతుంది కాబట్టి పేరు కోసం కాచుకోకుండా నేరుగా \\192.168.50.2 అని అవతలి యంత్రం చిరునామా కొట్టి తెరవడమే మేలు.

పింగ్‌కు, అంటే అవతలి యంత్రం ఉందా అని పంపే పలకరింపుకు, జవాబు రాకపోతే అందరూ ముందు కేబుల్‌నే అనుమానిస్తారు. బయటి నుంచి వచ్చేవాటిని వడకట్టే ఫైర్‌వాల్ పింగ్‌ను మింగేసినా అదే ఫలితం కనిపిస్తుంది. పింగ్ చేసిన వెంటనే ఏఆర్‌పీ పట్టిక (ఏ ఐపీ చిరునామా ఏ కార్డుదో విండోస్ రాసుకునే జాబితా) తీసి చూడాలి. అందులో అవతలి కార్డు భౌతిక చిరునామా కనిపిస్తే కేబుల్ నిక్షేపంగా ఉన్నట్టే, వెతకవలసింది ఫైర్‌వాల్‌లో.

ఈ ఏర్పాటులో నన్ను అన్నిటికంటే విసిగించినది విండోస్ 7 ప్రవర్తన. గేట్‌వే లేని అనుసంధానాన్ని అది 'గుర్తించని నెట్‌వర్క్' అని, దాన్నిబట్టి 'పబ్లిక్' అని తీర్మానించి, బయటి నుంచి వచ్చే ఫైల్ షేరింగ్‌ను మూసేస్తుంది. ల్యాప్‌టాప్ నుంచి ఎక్స్‌పీ ఫోల్డర్ చక్కగా తెరుచుకుంటుంది, ఎక్స్‌పీ నుంచి ల్యాప్‌టాప్ మాత్రం తెరుచుకోదు. ఇలా ఒక దిక్కున మాత్రమే నడుస్తోందంటే కేబుల్‌ను, చిరునామాలను ముట్టుకోనక్కరలేదు. ప్రొఫెషనల్ వెర్షన్ అయితే లోకల్ సెక్యూరిటీ పాలసీలో నెట్‌వర్క్ లిస్ట్ మేనేజర్ కింద గుర్తించని నెట్‌వర్క్‌లను 'ప్రైవేట్'గా మార్చితే శాశ్వతంగా తీరుతుంది. హోమ్ వెర్షన్లలో ఆ పనిముట్టు ఉండదు కాబట్టి, పబ్లిక్‌కు ఫైల్ షేరింగ్‌ను ఆన్ చేసి, ఫైర్‌వాల్ నియమంలో ఎక్స్‌పీ చిరునామాను మాత్రమే అనుమతించాలి. గేట్‌వే గడిలో ఎక్స్‌పీ చిరునామా రాయమని కొందరు సలహా ఇస్తారు. దానివల్ల ల్యాప్‌టాప్ ఇంటర్నెట్ కోసం ఎక్స్‌పీ తలుపు తట్టే ప్రమాదం ఉంది గనుక నేను ఒప్పుకోను.

తలుపు తెరుచుకున్నాక పాస్‌వర్డ్ అడ్డు వస్తుంది. పాస్‌వర్డ్ లేని ఖాతాను నెట్‌వర్క్ ద్వారా రానివ్వకపోవడం విండోస్ సహజ స్వభావం. రెండింటిలోనూ ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డ్‌తో ఖాతా పెట్టుకుంటే పేచీ ఉండదు. ఎక్స్‌పీలో సింపుల్ ఫైల్ షేరింగ్ ఆన్‌లో ఉంటే వచ్చినవారందరినీ గెస్ట్‌గానే చూస్తుంది. అప్పుడు ఫైల్ తెరుచుకున్నా సేవ్ కాకపోతే, షేర్ చేసిన చోట మార్పులకు అనుమతి ఇచ్చారో లేదో చూడాలి.

వేగం మీద నాకు ఫిర్యాదు లేదు. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు గరిష్ఠంగా 12.5 మెగాబైట్లు, చేతికందేది అంతకంటే కొంత తక్కువ. సీడీ నిండా ఉన్న ఫోటోలు ఒకటి రెండు నిమిషాల్లో దాటిపోతాయి. కాపీ నత్తనడక నడిస్తే, ఒక కార్డుకు 'ఫుల్ డూప్లెక్స్' (ఒకేసారి పంపడం, అందుకోవడం) అని ఖాయం చేసి రెండోదాన్ని 'ఆటో'లో వదిలేశారేమో చూడండి, రెండూ ఆటోలోనే ఉండాలి. తెలుగు లిపిలో పేరు పెట్టిన ఫైల్ పాత ప్రోగ్రాములకు ప్రశ్నార్థకాలుగా కనిపించి తెరుచుకోదు, కాబట్టి పంపే ముందే ఇంగ్లీషు అక్షరాల్లో పేరు మార్చడం మాకు అలవాటైంది. పాత డెస్క్‌టాప్‌లోని సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ అయిపోతే తేదీ వెనక్కి పోతుంది. అప్పుడు ఈ రోజు దిద్దిన శుభలేఖ పాతదిగా, నిన్నటిది కొత్తదిగా కనిపిస్తుంది.

ఇంటర్నెట్ ఉన్న ల్యాప్‌టాప్‌కు తగిలిన వైరస్ ఈ కేబుల్ గుండానే ఎక్స్‌పీకి చేరగలదు. 2017 మేలో వ్యాపించిన వాన్నాక్రై అనే వైరస్ విండోస్ ఫైల్ షేరింగ్ లోపాన్నే వాడుకుంది. ఎక్స్‌పీ కోసం అప్పుడు ప్రత్యేకంగా విడుదల చేసిన ప్యాచ్‌ను (లోపాన్ని పూడ్చే నవీకరణను) నేను వేశాను, పని లేనప్పుడు కేబుల్ తీసేస్తాను. ల్యాప్‌టాప్‌ను విండోస్ 10కు మార్చాలనుకునేవారు ఒకటి గమనించాలి. ఫైల్ షేరింగ్‌కు ఎక్స్‌పీకి తెలిసిన పాత ఎస్ఎంబీ 1 పద్ధతి, 1709 వెర్షన్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన విండోస్ 10లో ముందే ఉండదు. దాన్ని తిరిగి ఆన్ చేయడం కంటే పెన్‌డ్రైవ్‌తో మోసుకోవడమే నయమని నా అభిప్రాయం.