ఫంక్షన్ ఫొటోలు బ్లాక్‌చైన్‌లో పెట్టిస్తున్నారా? తర్వాత ఎవరూ తీయలేరు, నోటీసు మాత్రం మన పేరుకే వస్తుంది

నెల్లూరు, కావలి, కందుకూరు వైపు నిశ్చితార్థాలు, పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు పెట్టుకుంటున్నవాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ఆల్బమ్‌తో పాటు ఇంకో పదిహేను వేలు ఇస్తే ఫొటోలు, వీడియోలు బ్లాక్‌చైన్‌లో (ఎన్నో కంప్యూటర్లలో ఒకేలా ఉండే, ఒకసారి రాస్తే చెరపలేని డిజిటల్ చిట్టాలో) శాశ్వతంగా దాచిపెడతామని స్టూడియో వాళ్ళు చెప్తే, అడ్వాన్సు ఇచ్చేముందు కొంచెం ఆగండి.

మా అన్నయ్య కూతురి నిశ్చితార్థం కావలిలో చేశాం. నెల్లూరు స్టూడియో మనిషి ఇంటికొచ్చి మరీ చెప్పాడు: “హార్డ్ డిస్క్ ఏనాటికైనా పోతుంది సార్. ఇది అలా కాదు, మీ మనవళ్ళు కూడా చూసుకుంటారు. ఒకసారి ఎక్కిందంటే ఎవరూ తీయలేరు.” ఫోన్ నంబరు నాది ఇవ్వడంతో వాలెట్, అంటే బ్లాక్‌చైన్‌లో ఖాతా లాంటిది, నా పేరు మీదే తెరిచారు. ఆల్బమ్‌తో పాటు క్యూఆర్ కోడ్ ముద్రించిన అక్రిలిక్ పలక ఒకటి ఇచ్చారు. అదే కోడ్‌ను చిన్న కార్డుల మీద వేసి, వచ్చినవాళ్ళకి ఇచ్చే తాంబూలం సంచుల్లో కూడా పెట్టారు.

తర్వాత ఆ సంబంధం కుదరలేదు. కారణాలు ఇక్కడ అనవసరం. ఇరువైపులా పెద్దమనుషులు కూర్చుని, పెట్టినవి తిరిగి ఇచ్చిపుచ్చుకుని, మర్యాదగానే విడిపోయాం. కానీ ఆ కార్డు ఇప్పటికీ బంధువుల ఇళ్ళల్లో ఉంది. ఫోన్‌తో స్కాన్ చేస్తే పిల్లాపిల్లాడు ఉంగరాలు మార్చుకుంటున్న ఫొటో వస్తుంది. కిందికి జరిపితే లగ్నపత్రిక స్కాన్: ఇద్దరి పేర్లు, గోత్రాలు, ఊర్లు, తల్లిదండ్రుల పేర్లు, చివర మా అన్నయ్య ఫోన్ నంబరు, అబ్బాయి నాన్నగారి ఫోన్ నంబరు. ఆ లగ్నపత్రికను కూడా ఎక్కిస్తామని మాకు ఎవరూ చెప్పలేదు, మమ్మల్ని అడగనూ లేదు.

పిల్లకి వేరే సంబంధాలు చూస్తున్నాం. ఈ టెన్షన్ చాలదన్నట్టు అబ్బాయి తరఫు నుంచి లాయర్ నోటీసు వచ్చింది. తమ అబ్బాయి ఫొటోలు, కుటుంబ వివరాలు వెంటనే తీసేయాలని, లేకపోతే పరువు నష్టం కేసు వేస్తామని. వాళ్ళని తప్పు పట్టను, వాళ్ళ స్థానంలో ఉంటే మేమూ అదే అడుగుతాం. బాధ ఏమిటంటే, ఆ నోటీసు స్టూడియోకి రాలేదు. వాలెట్ నా పేరున ఉంది కాబట్టి నాకు వచ్చింది. స్టూడియోకి వెళ్తే ఒప్పందం కాగితం వెనక సన్న అక్షరాల ఇంగ్లీషులో ఉన్న షరతు చూపించారు: ఎక్కించిన ఫొటోలు, పత్రాలకు పూర్తి బాధ్యత కొన్నవాళ్ళదే, తొలగించడం సాధ్యం కాదు. ఇంటికొచ్చి గొప్పగా చెప్పిన మాటనే కౌంటర్ దగ్గర సాకుగా చెప్పారు.

అసలు ఏది ఎక్కడ ఉందో తెలుసుకోవడానికి, ఈ పని తెలిసిన మా బంధువుల అబ్బాయిని కూర్చోబెట్టాం. ఇది అందరికీ ఉపయోగపడుతుంది. సాధారణంగా ఫొటో మొత్తాన్ని చైన్ మీద పెట్టరు, ఖర్చు ఎక్కువ. చైన్ మీద టోకెన్ (ఇది ఫలానావాళ్ళదని చూపే డిజిటల్ చీటీ), ఒక లింకు, కొన్ని వివరాలు ఉంటాయి, ఫైళ్ళు ఇంకోచోట ఉంటాయి. మా వీడియో ఐపీఎఫ్ఎస్‌లో, అంటే చాలామంది కంప్యూటర్లు కలిసి ఫైళ్ళు పంచుకునే నెట్‌వర్క్‌లో ఉంది. అక్కడ ఎవరో ఒకరు ‘పిన్’ చేసి, అంటే పోకుండా తమ దగ్గర కాపీ పట్టి పెట్టినంతకాలమే ఫైల్ నిలుస్తుంది, స్టూడియో తన పిన్ తీసేస్తే, ఇంకెవరూ కాపీ పెట్టుకోకపోతే, మెల్లగా కనిపించకుండా పోతుంది. ఇది వాళ్ళు చేయగలిగిన పనే. గట్టిగా నిలదీస్తే గానీ చేయలేదు. ఫొటోలు, లగ్నపత్రిక మాత్రం ఆర్వీవ్‌లో పెట్టారు. ఒకసారి డబ్బు కడితే శాశ్వతంగా ఉంచాలన్న ఉద్దేశంతోనే కట్టిన నెట్‌వర్క్ అది. అక్కడ ‘డిలీట్’ బటన్ లేదు. ఫైళ్ళను మన ఫోన్లలో చూపించే వెబ్‌సైట్లకు, అంటే గేట్‌వేలకు విడివిడిగా రాస్తే వాళ్ళ వరకు ఆపే అవకాశం ఉంది, అంతే. ఇక టోకెన్ వివరాల్లోనే పిల్లాపిల్లాడి పేర్లు, తేదీ రాసేశారు. టోకెన్‌ను బర్న్ చేస్తామని స్టూడియో అంటోంది. బర్న్ అంటే ఎవరూ వాడలేని చిరునామాకి పంపడమే, పాత లావాదేవీ, అందులోని పేర్లు చరిత్రలో అలాగే ఉంటాయి. బిట్‌కాయిన్ అనే డిజిటల్ డబ్బు బ్లాక్‌చైన్ మొదటి బ్లాకులో 2009 జనవరి 3 నాటి లండన్ పేపర్ హెడ్డింగ్ ఒకటి రాశారు, అది నేటికీ ఉంది. మన పిల్లల పేర్లూ అలాగే ఉండిపోతాయి.

ఫైళ్ళను ముందు తాళం వేసి, అంటే ఎన్‌క్రిప్ట్ చేసి ఎక్కించి ఉంటే, ఇప్పుడు ఆ తాళంచెవిని చెరిపేస్తే సరిపోయేది. ఫైల్ అక్కడే ఉన్నా ఎవరూ చదవలేరు. ఈ వ్యాపారం చేసేవాళ్ళకి ఇది తెలియదని నేననుకోను.

చట్టం సంగతి మా లాయర్ గారు వివరించారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో మన వివరాలు చెరిపేయమని అడిగే హక్కు ఉంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అయితే ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు పెట్టారు. ఇంటి అవసరానికి, సొంతానికి వాడుకునే వ్యక్తులకి ఆ చట్టం వర్తించదు, కానీ డబ్బు తీసుకుని సేవ అమ్మిన స్టూడియో ఆ మాట చెప్పుకోలేదు. “మీరే పబ్లిక్ చేశారు కదా” అని స్టూడియో అంటోంది. అబ్బాయి వాళ్ళు ఎక్కడా సంతకం పెట్టలేదు, లగ్నపత్రిక సంగతి మాకే తెలియదు, ఇక ఎవరు పబ్లిక్ చేసినట్టు? యూరప్‌లో డేటా రక్షణ బోర్డు 2025 ఏప్రిల్‌లో విడుదల చేసిన ముసాయిదా మార్గదర్శకాల్లో, సాంకేతికంగా కుదరదనే సాకుతో చట్టాన్ని తప్పించుకోలేరని స్పష్టంగా రాసింది. అది మనకి వర్తించే చట్టం కాదు. కానీ ఈ సాకు ఎక్కడైనా చెల్లుతుందని అనుకోవద్దు.

ఇంకో ముఖ్యమైన విషయం. ఇదే స్టూడియో మా బావకి ఒక పెట్టె అమ్మబోయింది. ఇంట్లో ఇంటర్నెట్‌కి కలిపి ఉంచితే నెట్‌వర్క్‌లోని ఫైళ్ళ కాపీలు దాస్తుందట, నెలనెలా టోకెన్లు వస్తాయట. అంటే ముక్కూమొహం తెలియనివాళ్ళ ఫైళ్ళు మన ఇంట్లో ఉంటాయి. అందులో ఏముందో మనం చూడం. జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో బిట్‌కాయిన్ బ్లాక్‌చైన్‌ను జల్లెడ పడితే సుమారు 1,600 ఫైళ్ళు దొరికాయి, వాటిలో పిల్లల మీద లైంగిక అఘాయిత్యాలకు సంబంధించిన లింకులు కూడా ఉన్నాయి. మన దేశంలో అలాంటివి ప్రచురించినా, పంచినా ఐటీ చట్టం సెక్షన్ 67బి కింద మొదటిసారికే 5 ఏళ్ళ వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా. దగ్గర ఉన్నాయని తెలిసీ చెరపకుండా, పోలీసులకు చెప్పకుండా ఉంచుకున్నా పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో సెక్షన్ 15 కింద చిక్కుల్లో పడతారని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును బట్టి అర్థమవుతుంది. తెలియకుండా ఉన్నదానికి, తెలిసి ఉంచుకున్నదానికి తేడా ఉంది నిజమే. కానీ ఆ తేడా పోలీసులకి వివరించుకోవాల్సింది పెట్టె పెట్టుకున్న ఇంటివాళ్ళే. మా బావని వద్దన్నాను, మీకూ అదే చెప్తున్నాను.

ప్యాకేజీ తీసుకోవాలని ఉంటే, ఫైళ్ళు ఎక్కడ ఉంటాయో, తాళం వేసి పెడతారో లేదో, ఎవరైనా అభ్యంతరం చెప్తే ఎలా తీస్తారో తెలుగులో రాయించుకుని స్టూడియో సంతకం తీసుకోండి. లగ్నపత్రిక, ఆధార్ కాపీలు, ఫోన్ నంబర్లు, బయటివాళ్ళ పిల్లల ఫొటోలు ఎట్టి పరిస్థితుల్లోనూ ఎక్కించనివ్వకండి. నోటి మాట చాలదు, ఎక్కించే ఫైళ్ళ జాబితా ముందే చూపించమనండి.

ఇప్పటికే కొన్నవాళ్ళు బిల్లు, ఒప్పందం కాగితం, క్యూఆర్ కార్డు, స్కాన్ చేస్తే వచ్చే పేజీ స్క్రీన్‌షాట్లు, వాలెట్ చిరునామా భద్రంగా పెట్టుకోండి. తీసేయమని స్టూడియోకి రాతపూర్వకంగా, రిజిస్టర్డ్ పోస్టులోనే అడగండి. మేము నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తున్నాం. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, 2 ఏళ్ళ లోపు వేయాలి. సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫోన్ చేయవచ్చు. ఒకే ఇబ్బంది ఉన్నవాళ్ళు కమిషన్ అనుమతితో కలిసి ఫిర్యాదు చేసే వీలు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది. స్టూడియో పేరు ఇక్కడ రాయడం లేదు. నెల్లూరులో ఇలాంటి క్యూఆర్ పలక తీసుకుని ఇబ్బంది పడుతున్నవాళ్ళు ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, మా లాయర్ గారితో మాట్లాడి మీ పేర్లు కూడా చేర్పిస్తాను.