స్టోన్‌హౌస్‌పేట ఆచారి దగ్గర చేయించుకున్న వర్క్ టేబుల్: కుర్చీ ఆటోలో వేసుకుని పోయి కొలిపించుకున్నా

నేను నెల్లూరు వేదాయపాళెంలో ఇంట్లోంచే పని చేస్తా, మెడికల్ కోడింగ్, రోజుకి తొమ్మిది గంటలు కూర్చోవాల. 2020 లాక్‌డౌన్‌లో ఆదరాబాదరాగా ఒక షాపులో రెడీమేడ్ టేబుల్ కొన్నా, 30 అంగుళాల ఎత్తు, అన్నీ అంతేనమ్మా అన్నారు, నిజమే, బజార్లో దాదాపు అన్నీ అంతే ఉంటాయి. కానీ నేను 5 అడుగుల 1 అంగుళం. దానిమీద టైప్ చెయ్యాలంటే భుజాలు పైకి లేపాల, లేకపోతే కుర్చీ పైకి లేపాల, కుర్చీ లేపితే కాళ్లు నేలకి ఆనవు, తొడల కింద అంచు నొక్కి సాయంత్రానికి పాదాలు వాచిపోయేవి. మెడకి ఆయింట్‌మెంట్లు రాసినా, నడుం దగ్గర దిండు పెట్టినా, కొత్త కుర్చీ కూడా కొన్నా, తప్పు టేబుల్ ఎత్తులో ఉందని మాత్రం తట్టలా. దానికితోడు అది పార్టికల్ బోర్డు, అంటే చెక్కపొట్టుని జిగురుతో అదిమింది, 2021 నవంబర్ వానలకి గది చెమ్మెక్కి కాళ్ల దగ్గర ఉబ్బి పొరలు లేచిపోయింది.

పోయినేడు మా పిన్ని చెప్తే స్టోన్‌హౌస్‌పేటలో ఈ ఆచారి దగ్గరికి పోయినా. బోర్డు కూడా లేని చిన్న షెడ్డు. టేబుల్ కావాలనంగానే "ఏ కుర్చీలో కూర్చుంటావమ్మా, అది తీసకరా" అన్నాడు. మర్నాడు కుర్చీ ఆటోలో వేసుకుని పోయినా. కూర్చోబెట్టి కిందికంటా దించమన్నాడు, అప్పటికీ మడమలు తేలతా ఉంటే పాదాల కింద ఒక చెక్క జరిపినాడు. "చేతులు వదిలెయ్ తల్లీ, బిగబట్టమాక" అని మోచేతుల్ని పక్కలకి ఆనించి వంచి, మోచేయి కిందనించి నేల దాకా టేపు పట్టినాడు. ఇరవై అయిదున్నర. కీబోర్డ్ మందం అరంగుళం పోతుంది కాబట్టి టేబుల్ 25 అనుకున్నాం. బజారు టేబుల్‌కీ నా ఒంటికీ అయిదంగుళాల తేడా! ఇన్నేళ్లు భుజాలు లేపి మోసింది ఆ అయిదంగుళాలే, ఆడ కూర్చుని ఉండంగానే కళ్లెంబడి నీళ్లొచ్చినాయి నాకు.

ఇంత బాగా ఎట్టా తెలుసు అంటే, ఎన్నో ఏళ్లుగా టైలర్లకి టేబుళ్లు చేస్తా ఉండాడంట. కటింగ్ టేబుల్ నిలబడి చేసే పని, నడుం దాకా ఉండాల, మిషన్ టేబుల్ కూర్చుని చేసేది, మనిషిని బట్టి మారాల అన్నాడు.

ముందు వైపు సొరుగు పెడతానన్నాడు, టేబుల్ ఎత్తు తగ్గింది కదా మోకాళ్లకి తగులుద్దని నేనే వద్దన్నా, ఆయన కూడా కూర్చుని చూసి ఒప్పుకుని సొరుగు కుడి పక్కకి, అడ్డపట్టీ వెనకవైపుకి మార్చినాడు. 19 ఎంఎం బీడబ్ల్యూఆర్ ప్లై, అంటే మరిగే నీళ్లకి కూడా తట్టుకునే రకం, వేయించినా, మన కార్తీక మాసం వానలకి మామూలు కమర్షియల్ ప్లై మీద నాకు నమ్మకం లేదు. సన్‌మైకా మెరుపు లేనిది, కిటికీ వెలుతురు కంట్లో కొట్టకుండా. అన్నిటికంటే నచ్చింది ముందంచు. టేకు పట్టీ వేసి గుండ్రంగా చిత్రిక పట్టి, ఉప్పుకాయితంతో రుద్ది, కళ్లు మూసుకుని అరచెయ్యి జరిపి చూసినాడు, ఒకచోట ఆగి మళ్లా రుద్దినాడు. ఇప్పుడు మణికట్టు మీద గీత పడటంలా.

లోపాలూ చెప్పాల. వారం అన్నది పదహారు రోజులు పట్టింది, శ్రావణంలో గృహప్రవేశాల తలుపుల పని నెత్తిమీద పడిందంట, ఫోన్ చేస్తే ఎత్తడు, పోయి అడగాల్సిందే. వైర్లకి బెజ్జం మర్చిపోయినాడు. మా టైల్స్ మీద ఒక కాలు ఊగింది. రెండూ మర్నాడు ఇంటికొచ్చి సరిచేసినాడు, డబ్బులు అడగలా. మొత్తం 7,800 అయింది, ఆటో 300 వేరే. మిగిలిన ప్లైతో అంగుళంన్నర ఎత్తు కాళ్లపీట ఊరకే చేసిచ్చినాడు.

ల్యాప్‌టాప్ వాడేవాళ్లు టేబుల్ ఒక్కటే మారిస్తే చాలదు, స్క్రీనూ కీబోర్డూ అతుక్కుని ఉంటాయి కాబట్టి ఒకటి సరిపోతే ఇంకోటి సరిపోదు. నేను వేరే కీబోర్డ్ కొని, ల్యాప్‌టాప్‌ని స్టాండు మీద పెట్టినా, స్క్రీన్ పైఅంచు కళ్లకి ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో.

పొయ్యేవాళ్లు పొద్దున పదింటి లోపల పోండి, తర్వాత ఆయన సైటు మీదికి వెళ్లిపోతాడు. ఇంట్లో చెప్పులేసుకుని పని చేసేవాళ్లయితే అవే చెప్పులతో కూర్చుని కొలిపించుకోండి, అరంగుళం తేడా వస్తది.