ఇంటికి వచ్చి రక్తం తీసే ల్యాబు: షుగరుకు సరే, లాక్టేట్‌కు వద్దు

పేరు రాయను. హిమాయత్‌నగర్ వైపు ఉన్న ఒక ల్యాబు, ఫోను చేస్తే ఇంటికే వచ్చి రక్తం తీసుకువెళుతుంది. షుగరు, థైరాయిడ్ పరీక్షలకు మూడేళ్లుగా వాళ్లనే పిలుస్తున్నాను. ఆరున్నరకు వస్తామంటే ఆరున్నరకే తలుపు తడతారు. వంక పెట్టడానికి లేదు. ఈసారి లాక్టేట్ (కణాలు చక్కెరను పూర్తిగా కాల్చలేనప్పుడు రక్తంలో చేరే పదార్థం) పరీక్ష దగ్గర మాత్రం బోల్తా పడ్డారు.

నేను చిక్కడపల్లిలో బ్లౌజులు కుడతాను. 2007 నుంచి హెచ్‌ఐవీ మందులు వాడుతున్నాను. అప్పట్లో ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రంలో స్టావుడిన్ కలిసిన మాత్రలు ఇచ్చేవారు. అవి నా ప్రాణం నిలిపాయి, బుగ్గల్లోని కొవ్వు హరించాయి, అరికాళ్లలో మంట పెట్టాయి. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థే ఆ మందును మెల్లగా మానిపించమని చెప్పింది. తరువాత టెనోఫోవిర్ అనే మరో మందుతో చాలా ఏళ్లు హాయిగా గడిచాయి. కిందటేడు కిడ్నీల పని తెలిపే క్రియాటినిన్ పెరిగింది. బదులుగా ఇచ్చిన అబకవిర్ ఒంటికి పడలేదు. చివరికి జిడోవుడిన్ ఇచ్చారు. నాలుగు నెలలకే వికారం, నీరసం; కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ 96. డాక్టరమ్మ లాక్టేట్ కూడా చూడాలన్నారు.

ఆవిడ చెప్పింది నాకు జిప్పు లెక్కన అర్థమైంది. వైరస్ తన డీఎన్‌ఏ అల్లుకునేటప్పుడు ఈ రకం మందు అసలు పన్నులాగే కనిపించే దొంగ పన్ను ఒకటి ఇరికిస్తుంది. రన్నరు అక్కడే ఆగిపోతుంది. చిక్కేమిటంటే, మన కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాకు కూడా సొంత డీఎన్‌ఏ ఉంది. దాన్ని నకలు తీసే పాలిమరేజ్ గామా అనే ఎంజైము కూడా ఒక్కోసారి ఆ దొంగ పన్నుకు మోసపోతుంది. డీఎన్‌ఏ తరిగిపోతే కాలేయ కణం కొవ్వును కాల్చలేదు, అది బొట్లు బొట్లుగా లోపలే పేరుకుంటుంది. చక్కెర సగంలోనే ఆగి లాక్టేట్‌గా మారుతుంది. రక్తంలోని లాక్టేట్‌ను తొలగించే పని కూడా చాలావరకు కాలేయానిదే! ఈ గుణం స్టావుడిన్‌కు బాగా ఎక్కువ, జిడోవుడిన్‌కు అంతకంటే తక్కువ, టెనోఫోవిర్‌కు చాలా స్వల్పం.

ఇక ల్యాబు కుర్రాడి సంగతి. మెట్ల మీద ఉండగానే మందుల చీటీ చూసి, "ఆంటీ, ఇవి హెచ్‌ఐవీ మందులే కదా?" అని గట్టిగా అడిగాడు. ఎదురింటి తలుపు తెరిచే ఉంది. ఇలాంటి విషయం గుట్టుగా ఉంచాలని 2017లో చట్టమే చేశారు బాబూ అన్నాను. నవ్వేశాడు. రబ్బరు పట్టీ బిగించి, పిడికిలి మూసి తెరవమన్నాడు. రక్తమంతా ఎర్ర మూత గొట్టాల్లోకే పట్టి సంచిలో వేసుకున్నాడు. ఐసు లేదు. ఇంకా మూడు ఇళ్లకు వెళ్లాలట.

సాయంత్రానికి ఫోనులో రిపోర్టు వచ్చింది: 4.3. మామూలుగా 2 లోపు ఉండాలి. ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు.

మర్నాడు డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "గొట్టం మూత ఏ రంగు?" బూడిద రంగు మూత ఉండాలట. అందులోని ఫ్లోరైడ్, రక్తకణాలు చక్కెరను లాక్టేట్‌గా మార్చకుండా ఆపుతుంది. ఎర్ర రక్తకణాలకు మైటోకాండ్రియా అసలే లేవు. అందుకే ఫ్లోరైడ్ లేని గొట్టంలో అవి లాక్టేట్ చేస్తూనే ఉంటాయి. నా కాలేయానికి వచ్చిందేమోనని భయపడిన జబ్బును ఆ గొట్టం తనంతట తానే తయారుచేసుకుంది!

సోమాజిగూడ దగ్గర ఒక ఆసుపత్రి ల్యాబులో మళ్లీ తీయించుకున్నాను. పది నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టారు. పట్టీ కట్టలేదు, పిడికిలి బిగించమనలేదు. బూడిద మూత గొట్టాన్ని ఐసులో గుచ్చి వెంటనే లోపలికి పట్టుకెళ్లారు. వచ్చిన అంకె 1.7. ఎస్‌జీపీటీ మాత్రం తగ్గలేదు. మందు మార్చాలా వద్దా అనేది వచ్చే నెల చూస్తారట.

మొదటి ల్యాబుకు ఫోను చేస్తే ఉచితంగా మళ్లీ తీస్తామన్నారు. ఏ రంగు మూత తెస్తారని అడిగాను. కనుక్కుని చెబుతామన్నారు. పదకొండు రోజులైంది.