కైల్ ఫీల్డ్‌లో ఒక శనివారం: టికెట్ కన్నా గదికే ఎక్కువైంది

డల్లాస్ చుట్టుపక్కల చదువుకునే మనవాళ్లలో చాలామందికి కాలేజీ ఫుట్‌బాల్ అంటే టీవీలో కనిపించేదే. ఎందుకంటే మనవాళ్లు గుంపుగా చేరే యూటీ డల్లాస్‌కి ఫుట్‌బాల్ జట్టే లేదు. యూటీ ఆర్లింగ్టన్‌కి ఒకప్పుడు ఉండేది గానీ 1985 సీజన్ అయ్యాక ఎత్తేశారు. అసలైన క్యాంపస్ ఆట చూడాలంటే వేరే కాలేజీకి వెళ్లాల్సిందే. మా బాబాయి కొడుకు కాలేజ్ స్టేషన్ అనే ఊళ్లో ఉన్న టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్ చేస్తున్నాడు. కైల్ ఫీల్డ్ వాళ్ల స్టేడియమే. వాడి పుణ్యమా అని 2024 అక్టోబర్ 26న, దీపావళికి ముందు శనివారం, ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ)తో మ్యాచ్‌కి కాలేజ్ స్టేషన్ వెళ్లొచ్చాను. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికా ఆట అని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

ముందు టికెట్ సంగతి. అక్కడ విద్యార్థి స్పోర్ట్స్ పాస్ కొనుక్కుంటే సీజన్ అంతా ఆటలకు అర్హత వస్తుంది. కానీ ఆ పాస్ ఉంటే సీటు ఉన్నట్టు కాదు. ప్రతి హోమ్ మ్యాచ్ వారంలో స్టేడియం కిటికీల దగ్గర నిలబడి సీటు తీసుకోవాలి. దీన్ని టికెట్ పుల్ అంటారు. సోమవారం సీనియర్లు, పీజీ వాళ్లు. మంగళవారం మూడో ఏడాది, బుధవారం రెండో ఏడాది. కొత్తగా చేరినవాళ్ల వంతు అన్నిటికన్నా చివర. ముందు వచ్చినవాళ్లకు మైదానం పక్కన కింది అంతస్తు, ఆలస్యమైనవాళ్లకు ఆకాశం పక్కన మూడో అంతస్తు. అందుకే పెద్ద మ్యాచ్ వస్తోందంటే స్టేడియం బయట టెంట్లు వెలుస్తాయి.

మావాడు సోమవారం పొద్దున్నే వీడియో కాల్ చేసి ఆ వరస చూపించాడు. మడత కుర్చీలు, దుప్పట్లు, పిజ్జా డబ్బాలు. ఒకమ్మాయి టెంటు గుమ్మంలో కూర్చుని లాప్‌టాప్‌లో అసైన్‌మెంట్ కొట్టుకుంటోంది. ఆమె కాళ్ల దగ్గర ఎక్స్‌టెన్షన్ వైరు, దానికి వేలాడుతూ నాలుగైదు ఫోన్లు. మావాడి చేతిలో రబ్బరు బ్యాండు వేసిన ఐడీ కార్డుల కట్ట. ఒకడే వెళ్లి స్నేహితులందరి కార్డులూ ఇస్తే సీట్లు పక్కపక్కన వస్తాయి. అందుకని వంతులు వేసుకుంటారు: రాత్రి ఇద్దరు టెంట్‌లో, తెల్లారాక క్లాసు లేనివాడు వరసలో. "అన్నా, నీకు గెస్ట్ టికెట్ అడగాలి, దానికి మాత్రం డబ్బు కట్టాల్సిందే, పర్లేదా?" అన్నాడు. రీసేల్ సైట్లలో కనిపిస్తున్న ధర కంటే తక్కువే కాబట్టి సరేనన్నాను. విద్యార్థి టికెట్ మీద బయటివాళ్లు వెళ్లడం కుదరదు, గేటు దగ్గర ఐడీ అడుగుతారు. వాట్సాప్ గ్రూపుల్లో "స్టూడెంట్ టికెట్ ఉంది, తక్కువకి ఇస్తా" అని కనిపిస్తే ఈ సంగతి గుర్తుంచుకోండి.

తిరుమల తెలిసినవాళ్లకు ఈ పద్ధతి ఇట్టే అర్థమవుతుంది. విద్యార్థులది సర్వదర్శనం, రీసేల్‌లో కొనేవాళ్లది మూడొందల రూపాయల క్యూ. పూర్వ విద్యార్థులు ఏ అండ్ ఎం ఆటలకు విరాళాలు సేకరించే ట్వెల్త్ మ్యాన్ ఫౌండేషన్‌కి డబ్బు కట్టి మంచి సీట్లు దక్కించుకుంటారు, అది అచ్చం శ్రీవాణి ట్రస్టు దారి. కొందరు డబ్బు పెడతారు, కొందరు నిద్ర పెడతారు. నాకు మాత్రం ఈ పాత పద్ధతే నచ్చింది. పెన్ స్టేట్ లాంటి చోట్ల జూన్‌లోనే ఆన్‌లైన్‌లో ఏడాదివారీగా సీజన్ టికెట్లు అమ్మేస్తారు. అక్కడ మన రైల్వే తత్కాల్ టెన్షనే, నెట్ వేగంగా ఉన్నవాడిదే అదృష్టం. వరసలో కనీసం పక్కవాడితో కబుర్లైనా ఉంటాయి.

రీసేల్ గురించి ఒక్క మాట. అప్పట్లో ధర చూసి సంబరపడి చివరి పేజీకి వెళ్లేసరికి ఫీజులు కలిసి గుండె ఆగేది. 2025 మే నుంచి అమెరికా ఫెడరల్ నిబంధన ప్రకారం మొత్తం ధర మొదట్లోనే చూపించాలి. ఇప్పుడు కొనేవాళ్లకు ఆ మేరకు నయం.

ఇక గది. అసలు దెబ్బ ఇక్కడే. కాలేజ్ స్టేషన్ జనాభా 1,20,000 చుట్టూ. కైల్ ఫీల్డ్‌లో పట్టేది 1,02,733 మంది. అంటే ఆ శనివారం ఇంకో ఊరు వచ్చి ఈ ఊరి మీద కూర్చుంటుంది. మామూలు వారాంతంలో వంద డాలర్ల లోపు దొరికే రకం గదులకు మూడు వందలు దాటి చెప్తున్నారు, అదీ రెండు రాత్రులూ తీసుకుంటేనే. మావాడి అపార్ట్‌మెంట్‌లో అప్పటికే చాపలు పరిచేశారు, కాలు పెట్టడానికి సందు లేదు. నేనూ నా రూమ్మేటూ కలిసి పక్క ఊరు బ్రయాన్‌లో ఒక మోటెల్ తీసుకున్నాం. తలుపు గొళ్లెం వదులు, ఏసీ పెడితే పక్క గదివాళ్లకు కూడా వినిపించేంత మోత, టిఫిన్ అని రాసినచోట చల్లారిన వాఫుల్ పిండి. పడక మాత్రం శుభ్రంగా ఉంది. ఈ ధరకు ఇది అన్యాయమే. మళ్లీ వెళ్తే నవసోటాలోనో బ్రెనమ్‌లోనో గది చూసుకుంటాను. నవసోటా నుంచి హైవే 6 మీద నేరుగా వచ్చేయొచ్చు. హ్యూస్టన్‌లో చుట్టాలుంటే ఇంకా మేలు, సుమారు 95 మైళ్లే, ఆట అయ్యాక రాత్రికి రాత్రే చేరుకోవచ్చు.

డల్లాస్ నుంచి దారులు రెండు. ఐ-45 మీద మ్యాడిసన్‌విల్ దాకా దిగి అక్కడ పడమరకు తిరగడం ఒకటి, వేకో మీదుగా హైవే 6 పట్టుకోవడం ఇంకొకటి. మేం వెళ్లింది మొదటి దారిలో, కారణం మ్యాడిసన్‌విల్‌లో ఉన్న బక్కీస్. అంత శుభ్రమైన బాత్‌రూములున్న పెట్రోల్ బంకు ఇంకెక్కడా చూడలేదు.

శుక్రవారం అర్ధరాత్రి మిడ్‌నైట్ యెల్, అంటే మర్నాటి ఆటకు నినాదాల సాధన, ఉంటుంది, టికెట్ లేదు, ఎవరైనా వెళ్లొచ్చు. నా మట్టుకు ఈ యాత్రలో అన్నిటికన్నా గిట్టుబాటైంది ఇదే. చీర్‌లీడర్లు ఉండరు. విద్యార్థులు ఓట్లేసి ఎన్నుకున్న అయిదుగురు యెల్ లీడర్లు కింద నిలబడి చేతులతో ఒక సైగ చేస్తారు. ఆ సైగను ముందు వరస వెనక్కి చూపిస్తుంది, వాళ్లు ఇంకా వెనక్కి. సైగ పై అంతస్తుకు చేరేలోపే ఏ నినాదం రాబోతోందో అందరికీ తెలిసిపోతుంది. ఆ తర్వాత వేలమంది ఒక్కసారిగా అరిస్తే నేల అదురుతుంది. చివర్లో దీపాలు ఆర్పేస్తారు, జంటలు ముద్దులు పెట్టుకోవడానికట. మావాడు, నేను ఫోన్లు చూసుకుంటూ నిలబడ్డాం.

శనివారం ఆట సాయంత్రం ఆరున్నరకు. ఇదొక పెద్ద వరం. సెప్టెంబర్‌లో మధ్యాహ్నం ఆట వస్తే మాత్రం తూర్పు వైపు విద్యార్థుల గ్యాలరీ జోలికి వెళ్లొద్దు, టెక్సస్ ఎండ తిన్నగా ముఖం మీదకు వస్తుంది. సంచి తీసుకెళ్లాలంటే అది పారదర్శకంగా ఉండాలి, 12 అంగుళాల పొడవు, 12 ఎత్తు, 6 వెడల్పు మించకూడదు. మా రూమ్మేట్ కట్టిన పులిహోర బయట కారు దగ్గరే అయిపోయింది. దాంట్లో సగం పక్క టెంట్‌లో మాంసం కాలుస్తున్న పెద్దాయన కుటుంబానికి వెళ్లింది, వాళ్లు బదులుగా కాల్చిన మొక్కజొన్న ఇచ్చారు. లోపల శాకాహారులకు పాప్‌కార్న్, నాచోస్, ప్రెట్జెల్. అంతే. 2019 నుంచి బీరు కూడా అమ్ముతున్నారు.

సీటు గురించి చెప్పాలి. సీటు అనేది పేరుకే. 1922 జనవరిలో డల్లాస్‌లో జరిగిన ఒక మ్యాచ్‌లో ఏ అండ్ ఎం ఆటగాళ్లు వరసగా దెబ్బలు తిని తగ్గిపోతుంటే, ఇ. కింగ్ గిల్ అనే విద్యార్థి కిందికి దిగి యూనిఫాం వేసుకుని, అవసరమైతే ఆడడానికి సిద్ధంగా చివరిదాకా నిలబడ్డాడు. ఆ గౌరవార్థం ఇప్పటికీ విద్యార్థులు ఆటంతా నిలబడే ఉంటారు. మూడున్నర గంటలు! నడుము నొప్పి ఉన్నవాళ్లు, పిల్లలతో వచ్చేవాళ్లు గెస్ట్ టికెట్ ఆశకు పోకుండా పడమటి వైపు డబ్బు పెట్టి కొనుక్కోవడమే మంచిది. విశ్వవిద్యాలయ పాటలో ఒకచోట అందరూ భుజాల మీద చేతులేసుకుని ఇటూ అటూ ఊగుతారు. మేం రెండో అంతస్తులో ఉన్నాం. కాళ్ల కింద కాంక్రీటు కదలడం తెలుస్తూనే ఉంది. ఇంజినీరింగ్ చదివినవాడిగా కాస్త చెమటలు పట్టాయి.

రెండు జట్లూ అప్పటికి ఎస్ఈసీలో, అంటే తాము ఆడే కాలేజీల లీగ్‌లో, ఓడలేదు. సగం ఆటకి 17-7తో ఎల్ఎస్‌యూ పైచేయి. మూడో క్వార్టర్‌లో ఏ అండ్ ఎం వాళ్లు మార్సెల్ రీడ్ అనే కుర్రాడిని దించారు. వాడు పాస్ వేస్తాడని అందరూ చూస్తుంటే తనే బంతి పట్టుకుని పరిగెత్తాడు, అలా మూడు టచ్‌డౌన్లు. చివరికి 38-23తో ఏ అండ్ ఎం గెలిచింది. నియమాలు సగమే తెలిసినా గొంతు పూర్తిగా పోయింది.

బయటపడడం వేరే కథ. లక్షమంది ఒకేసారి ఫోన్ తీస్తే సిగ్నల్ ఉండదు, క్యాబ్ దొరికినా ధర చూసి కళ్లు తిరుగుతాయి. వెల్‌బోర్న్ రోడ్డు పక్కనే రైలు పట్టాలు, గూడ్స్ బండి వస్తే జనం అక్కడే ఆగిపోవాలి. ఎక్కడ కలుసుకోవాలో ఆటకు ముందే అనుకోండి. కారు దూరంగా పెట్టి నడిచినవాళ్లే మా కన్నా ముందు రోడ్డెక్కారు.

ఈ తతంగమంతా వద్దు, ఒకసారి ఎలా ఉంటుందో చూస్తే చాలు అనేవాళ్లకు నేను డల్లాస్‌కి ఉత్తరాన ఉన్న డెంటన్ చెప్తాను. నార్త్ టెక్సస్ విశ్వవిద్యాలయం స్టేడియం 30,000 మంది చుట్టూ పట్టేది, అక్కడి విద్యార్థులకు టికెట్ ఉచితం, బయటివాళ్లకూ జేబుకి చిల్లు పడదు. టెంట్లూ ఉండవు, రెండు రాత్రుల గదీ అక్కర్లేదు. ఆట నచ్చకపోతే సగంలో లేచి రావచ్చు, ఇర్వింగ్‌లో దోసెల హోటళ్లు మూసేలోపు చేరుకుంటారు.